వంతు ఉన్న ఇల్లు

కుండలు పగలగొట్టిన వార్తకు ఆ రోజుల్లో మా పత్రిక జిల్లా పేజీల్లో ఎప్పుడూ చోటు దొరికేది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు అవి. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే మండలాలు నాకు అప్పగించారు. మహిళా సంఘాలు ఊరూరా గుడుంబా బట్టీల మీద పడుతున్న కాలం. ఫొటో ఎక్కడైనా ఒకటే: కొంగు నడుముకు బిగించిన ఆడవాళ్ళు, చేతుల్లో కర్రలు, కాళ్ళ దగ్గర పెంకులు, మట్టిలో ఇంకుతున్న పులిసిన బెల్లప్పానకం. శీర్షిక కూడా డెస్కులో ముందే సిద్ధంగా ఉండేది. నేను ఫిల్ము రీలును, రాసిన కాగితాలను కవరులో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. ఖమ్మం బస్టాండులో మా ఆఫీసు మనిషి దాన్ని అందుకునేవాడు.

అలాంటి ఒక వార్త కోసం వెళ్ళిన గూడేనికి ఆ తర్వాత వానాకాలం దాకా పోతూనే ఉన్నాను. అందులో పత్రికకు పనికొచ్చింది మొదటిరోజు ఫొటో ఒక్కటే.

కొత్తగూడెం దాటాక భద్రాచలం రోడ్డు మీద ఒక ఊరు, అక్కడి నుంచి లోపలికి బండిబాట, మధ్యలో ఒక వాగు, వాగు అవతల గూడెం. గూడెం మహిళా సంఘానికి నాయకురాలు నలభై దాటిన మనిషి. అందరూ సంఘం అక్క అనేవాళ్ళు. ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపే ఆమె సమాధానం చెప్పేసేది. రోడ్డు మీది ఊళ్ళో చిన్న చర్చి ఉండేది. ఆ పాస్టరుగారి భార్యను అమ్మగారు అనేవాళ్ళు. ఆమెది మధిర వైపు. మాట మెత్తన, పట్టు గట్టి. గూడెంలో కొన్ని ఇళ్ళవాళ్ళు ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు, మిగతావాళ్ళు తమ వేల్పులకే కోడిని కోసేవాళ్ళు. ఈ ఇద్దరు ఆడవాళ్ళకూ ఒకరి పద్ధతి ఒకరికి నచ్చేది కాదు. గుడుంబా విషయంలో మాత్రం ఒకే కర్ర చెరోవైపు పట్టుకున్నట్టు ఉండేవాళ్ళు.

నేను వెళ్ళిన మొదటిరోజు వాళ్ళు చేరిన చివరి బట్టీ గూడెం అంచున ఒంటరి గుడిసె వెనక ఉంది. గుడిసె గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఉంది. ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయి. కడుపుతో ఉంది. మిగతా బట్టీల దగ్గర తిట్లు, తోపులాటలు అయ్యాయి. ఈ పిల్ల పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“పగలగొట్టక్కా. నాకు చేతులు రాక ఉంచిన,” అంది.

పుట్టింట్లో బట్టీ, అత్తింట్లో బట్టీ. తొలిచుక్క నాలుక మీద వేసుకుని చూడటం ఆ పిల్లకు కూరలో ఉప్పు చూడటం లాంటిది. భర్త మిరప కోతలకని గుంటూరు వైపు పోయి అక్కడే ఇంకో మనిషితో ఉండిపోయాడు. ఆ తర్వాత రుచి చూడటం తాగడంగా మారింది. ఒక మధ్యాహ్నం తాగి పడుకుంటే, అప్పుడప్పుడే నడక నేర్చిన కూతురు బట్టీ నిప్పుల్లో కాలు పెట్టింది. అత్త వచ్చి మనవరాలిని చంకనేసుకుని తన ఊరు తీసుకుపోయింది. మళ్ళీ తల్లికి చూపించలేదు. భర్త మధ్యలో ఒకసారి వచ్చిపోయాడు. ఈ కడుపు అప్పటిది. గూడెంలో కొందరు అది కూడా నమ్మేవాళ్ళు కాదు. బోరింగు దగ్గర ఆ పిల్ల బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. ఇదంతా కుండలు పగులుతుండగానే నా పక్కన నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క చెప్పారు. ఆ పిల్లకు వినిపిస్తుందేమోనన్న మొహమాటం ఎవరికీ లేదు.

“కడుపు మీద చెయ్యేసి ఒట్టు పెట్టు. ఇంక తాగనని,” అంది సంఘం అక్క.

ఆ పిల్ల ఒట్టు పెట్టింది. పెట్టి, “ఈ బిడ్డనన్న నా దగ్గర ఉండనిస్తరా అక్కా? మా అత్త దీన్ని గూడ తీస్కపోతనన్నది,” అని అడిగింది.

“నువ్వు తాగకుంటే ఎవరు తీస్కపోతరో నేను చూస్త.”

అమ్మగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, “గుడిసెలో ఒక్కదానివీ వద్దు. చర్చి వెనక గది ఖాళీగా ఉంది, అక్కడుందువు గాని,” అంది. నేను ఫొటో తీసుకుని, కవరు అందించడానికి బస్సు వేళకు రోడ్డు మీదికి వచ్చేశాను.

ఇక్కడ వాళ్ళు ఒక పొరపాటు చేశారు. అలాంటి పొరపాటు ఆ ఇద్దరు కలిస్తేనే జరుగుతుంది.

రెండు రోజుల తర్వాత ఏదో మీటింగు వార్త కోసం అటు వెళితే, చర్చి వెనక జనం కనిపించారు. గదిలో ఆ పిల్ల గోడకు ఆనుకుని కూచుని ఉంది. ఒళ్ళంతా చెమట. చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. కళ్ళు ఎవరినీ చూడటం లేదు. మూలకు చూపించి ఎవరినో పొమ్మంటోంది. అక్కడ ఎవరూ లేరు. గూడెం ఆడవాళ్ళు వేపమండలు పట్టుకుని, ముఖాన పసుపు రాసి, మొక్కుతున్నారు.

“అమ్మవారు వచ్చింది సారూ,” అంది సంఘం అక్క, గొంతు తగ్గించి. “కుండలు పగలగొట్టినందుకు సంబురపడ్డది.”

అమ్మగారు అవతలి వైపు మోకాళ్ళ మీద ఉంది. ఆమె లెక్కలో అది తాగుడు దయ్యం. విడిచిపోయే ముందు అలాగే వణికిస్తుంది. ఇంకొక్క రాత్రి గట్టిగా ప్రార్థన చేస్తే పోతుంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి కోపంగా ఉంది, కానీ ఇద్దరూ తృప్తిగా ఉన్నారు. ఆ వణుకు మంచికే వచ్చిందని ఇద్దరి నమ్మకం.

అంతలో ఆ పిల్ల కళ్ళు తేలేసింది. ఒళ్ళు బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. నోట్లో నురగ. వేపమండలు ఆగిపోయాయి, ప్రార్థన ఆగిపోయింది. పక్క ఊళ్ళో టీకాలు వేస్తున్న నర్సమ్మ కోసం మోటారు సైకిలు పంపించారు. ఆమె వచ్చేసరికి ఫిట్సు ఆగి, పిల్ల బరువుగా ఊపిరి తీస్తోంది.

నర్సమ్మ ఆ పిల్లను పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, నాడి చూసి, అడిగిన మొదటి ప్రశ్న: “ఎప్పటి సంది బంద్ చేపిచ్చిండ్రు?”

చెప్పారు.

“ఒక్కసారే? మొత్తం?”

“ఒట్టు పెట్టింది గద,” అంది సంఘం అక్క.

“ఒట్టు నోటికి తెలుస్తది, ఒంటికి తెలుస్తదా?” అని నర్సమ్మ లేచి, ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ దగ్గరికి పరుగెత్తింది. భద్రాచలంలో తనకు తెలిసిన లేడీ డాక్టరుతో మాట్లాడింది. తిరిగి వచ్చి డాక్టరు చెప్పింది చెప్పింది. అన్నాళ్ళు తాగిన ఒళ్ళు ఒక్కసారి మానితే ఇట్లాగే అవుతుంది, తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణానికీ ముప్పు. మందులన్నీ అక్కడి దవాఖానలో ఉన్నాయి, వెంటనే తీసుకురమ్మన్నది. దారిలో వణుకు మళ్ళీ ముదిరితే, పూర్తిగా తెలివిలో ఉండి కూచున్నప్పుడు మాత్రమే, చెంచాతో కొద్దికొద్దిగా సారా పట్టమన్నది.

“సారానా?” అంది అమ్మగారు.

“అవ్. సారానే. వేరే మందు నా దగ్గర లేదు.”

గూడెంలో చుక్క లేదు. ఉన్నదంతా వాళ్ళే మట్టిపాలు చేశారు. జీపు మాట్లాడే పనిలో కొందరు ఉండగా, సంఘం అక్క స్టీలు టిఫిను డబ్బా ఒకటి తీసుకుని అడ్డదారిన పక్క గూడేనికి పోయింది. వచ్చే వారం కుండలు పగలగొడతామని వాళ్ళు బెదిరించి వచ్చిన గూడెం అది. అక్కడ ఏం జరిగిందో తర్వాత ఆమే నవ్వుతూ చెప్పింది. బట్టీ ముసలిది ఈమెను చూడగానే కర్ర తీసిందట. విషయం విని కర్ర పక్కన పెట్టి, “మొన్న మా మీద కారం చల్లుతనన్నవ్, ఇయ్యాల డబ్బ పట్టుకొచ్చినవా? మూత గట్టిగ పెట్టుకో, దారిల నువ్వే తాగేవు!” అందట. డబ్బు తీసుకోలేదట. అంతేకాదు, తొలిచుక్క ఘాటుగా ఉంటుంది, కడుపుతో ఉన్నదానికి అది వద్దని, వెనకటిది వేరే కుండలోంచి పోసిచ్చిందట.

జీపులో నర్సమ్మ ఆ పిల్లను పట్టుకుని కూచుంది. డబ్బా ఎవరు పట్టుకోవాలన్నది ఒక్క క్షణం తేలలేదు. సారా తాకిన చేత్తో ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవనని చర్చిలో ఆడవాళ్ళందరి చేత ప్రమాణం చేయించిన మనిషి అమ్మగారు. ఆమే చెయ్యి చాపి డబ్బా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పాల్వంచ దాటాక పిల్లకు వణుకు హెచ్చింది. తెలివిలోనే ఉంది. “పట్టండమ్మా,” అంది నర్సమ్మ. అమ్మగారు చెంచా ముంచి, కుదుపులకు ఒలకకుండా రెండో అరచెయ్యి కింద పట్టి, “మెల్లగా తల్లీ,” అంటూ పోసింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ జీపు వెనక నా మోటారు సైకిలు మీద వచ్చిన నేను, రోడ్డు గుంతల దగ్గర జీపు నెమ్మదించినప్పుడల్లా ఆ చెంచానే చూశాను. నా ఉద్యోగంలో చాలామంది పెద్ద మనుషుల చేతుల మీదుగా జరిగిన చాలా పనులు చూశాను. వాటిలో ఏదీ అంత బాగా గుర్తు లేదు.

దవాఖానలో డాక్టరు మందులతో మెల్లగా తాగుడు మాన్పించింది. బిడ్డ గుండె చప్పుడు ఆ పిల్లకు వినిపించింది కూడా. కష్టం మందులది కాదు. పక్క మంచాల వాళ్ళకు సంగతి తెలిసిపోయింది. ‘తాగుబోతు మంచం’ అని పేరు పెట్టారు. ఒకావిడ తన కోడలి మంచం దూరంగా జరపమని గొడవ చేసింది. సంఘం అక్క ఆమె ఎదుట చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి, “నీ కోడలికి ఏమొచ్చింది?” అని అడిగింది.

“రక్తం తక్కువున్నది.”

“నువ్వు అంటించినవా?”

“నేనెందుకు అంటిస్త?”

“మరి మా పిల్లది గూడ అంటదు. మంచం ఆడనే ఉండనీ.”

పంపించేటప్పుడు డాక్టరు ఒక మాట చెప్పింది. మళ్ళీ మొదలు కాకూడదంటే కాన్పు దాకా ఆ పిల్ల కళ్ళ ముందు ఎవరూ తాగకుండా, ఒంటరిగా ఉండకుండా చూడాలి. చెప్పడం తేలికే. గూడెంలో కుండలు పగిలాయి కానీ, మగవాళ్ళ కాళ్ళు పక్క గూడేనికి దారి మర్చిపోలేదు.

బడి వసారాలో గూడెం కూచుంది. అక్కడ సంఘం అక్క పెట్టిన పద్ధతి నేను ఇంకెక్కడా వినలేదు. ఆ పిల్ల రోజుకో ఇంట్లో ఉంటుంది. పొద్దున జావ ఆ ఇంట్లోనే, పనికి పోవడం ఆ ఇంటి ఆడవాళ్ళతోనే, పడక కూడా అక్కడే. వంతు ఉన్న ఇంట్లో ఆ రోజు ఎవరూ తాగకూడదు. మగవాళ్ళు కూడా.

ఆ చివరి ముక్కకు గోల లేచింది. “దాని కడుపుకు నా గొంతుకు ఏం సంబంధం?” అన్నాడు ఒకాయన. “పెళ్ళాం కడుపుతో ఉంటే మానలే, ఇప్పుడు మానాల్నా?” అని ఇంకొకాయన. గూడెం పెద్దాయన ఒక మూల కూచుని చుట్ట ఆర్పుకుంటున్నాడు. తలపండిన మనిషి, ఆయన మాటకు ఎదురు లేదు. ఆయన తాగుడుకూ హద్దు లేదు. అందరూ ఆయన వైపు చూశారు.

“మొదటి వంతు నా ఇల్లు,” అన్నాడు. అంతే.

పద్ధతి మొదలైంది. అది పాటించిన తీరు చూస్తే నవ్వొచ్చేది. రేపు తమ వంతని కొందరు ఇవాళే రేపటిది కూడా కలిపి తాగి పడిపోయేవాళ్ళు. ఒకాయన తన వంతు నాడు ఇంట్లో ఉండలేక పొద్దున్నే తునికాకు కల్లానికి పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. వాళ్ళావిడ, “రోజూ ఈ పిల్లను నా ఇంట్లనే ఉంచుండ్రి, మా ఆయన బాగుపడేటట్టున్నడు,” అనేది. అంతా నవ్వుకుంటూనే చేశారు. ఎవరి ఇల్లూ వంతు తప్పలేదు. బోరింగు దగ్గర బిందెలు జరగడం ఎప్పుడు ఆగిందో చెప్పలేను. వంతు ఇంటి ఆడమనిషి పక్కన ఉంటే ఎవరు జరుపుతారు?

రోడ్డు మీది ఊరి నుంచి అమ్మగారు వారానికోసారి గుడ్లు, పెసలు పట్టుకుని వచ్చేది. వేల్పుల చెట్టు దాటి గూడెం లోపలికి ఆమె అంతకుముందు అడుగు పెట్టలేదట. ఆ చెట్టు దగ్గర చెప్పులు విడవాలన్నది గూడెం నియమం. మొదటిసారి వచ్చినప్పుడు కాసేపు ఆగి, చెప్పులు చేతిలో పట్టుకుని నడిచింది. సంఘం అక్క చూసి, ఎదురొచ్చి గుడ్లు అందుకుంది.

తొలకరికి ముందు విత్తనాల పండగ వచ్చింది. ఆ పండగలో గూడెమంతా వరసగా కూచుంటుంది. పెద్దాయన ఆకుదొప్పల్లో ఇప్పసారా పోస్తాడు. ముందు నాలుగు చుక్కలు నేల మీద చనిపోయిన పెద్దలకు వదిలి, మిగతాది తాగాలి. వద్దంటే ఆ గూడెంతో తగాదా పెట్టుకున్నట్టే. ఆ రోజు పిల్లను తన ఇంటికి పంపమంది అమ్మగారు. పంపేది లేదు, ఇంట్లో పెట్టి తలుపేస్తాం అంది సంఘం అక్క. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నాక, గోడ పక్కన చింతపండు గింజలు తీస్తున్న ఆ పిల్ల తలెత్తింది.

“నేను వరసలనే కూసుంట. ఎన్నొద్దులు దాస్తరక్కా నన్ను? బిడ్డ పుట్టినంక గూడ పండగొస్తది గద.”

అటుగా వచ్చిన పెద్దాయన ఆ మాట విని వెళ్ళిపోయాడు. పండగ నాడు నేను ఉన్నాను. వరస కూచుంది. ఆ పిల్ల సంఘం అక్క పక్కన కూచుంది. పెద్దాయన సొరకాయ బుర్ర పట్టుకుని మొదటి దొప్ప నుంచి పోసుకుంటూ వచ్చాడు. ఇప్పపువ్వు వాసన వరసంతా పాకింది. ఆ పిల్ల దొప్ప నిండింది. దొప్ప పట్టుకున్న వేళ్ళు బిగిశాయి. సంఘం అక్క లేవబోయింది. పెద్దాయన కళ్ళతోనే ఆపాడు. “పెద్దలకు ఇప్ప పొయ్యాలె. పులిసిందే పొయ్యాలని ఎవరన్నరు?” అన్నాడు.

అది పులియబెట్టని ఇప్పపువ్వును ఉడకబెట్టి వడపోసిన తియ్యటి నీళ్ళు. వరసలో అందరికీ అదే. తాగేదాకా ఎవరికీ తెలియదు. ఒకాయన ముఖం చూసి ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. “తాతా, పెద్దలకు కోపమొస్తది!” అని అతను అంటే, “వాళ్ళ తర్వాత పోయేటోణ్ణి నేనే గద, ఆడ నేను మాట్లాడుకుంట తీ,” అన్నాడు ముసలాయన. ఆ పిల్ల చుక్కలు నేల మీద వదిలి, తాగింది. నేను రాసింది చదివి, ఇందులో వార్త ఏముందన్నారు డెస్కువాళ్ళు. వాళ్ళను తప్పుపట్టను. ఎవరూ ఏమీ పగలగొట్టలేదు.

తర్వాత ఒకసారి తప్పింది. తప్పిన రోజు వంతు సంఘం అక్క ఇంటిదే. ఆమె కొత్తగూడెంలో మీటింగుకు పోతూ మొగుడికి అప్పజెప్పింది. ఆయన పిల్లను సంతకు తీసుకుపోయి, ఎడ్ల బేరంలో పడి మర్చిపోయాడు. సంతలో పాత సారా బేరగాళ్ళు ఎవరో పిలిచి పోశారు. అత్త ఊరివాళ్ళు కూడా ఆ సంతకు వస్తారు, చూశారు. సాయంత్రం పిల్లను రిక్షాబండి మీద తెచ్చారు.

మర్నాడు గూడెం మాట ఒకటే: ఇంక దీనికి వంతులెందుకు? పిల్ల తల ఎత్తలేదు. నర్సమ్మ వచ్చి చూసి, బిడ్డ బాగానే కదులుతోందని, మళ్ళీ డాక్టరుకు చూపించాలని చెప్పింది. సంఘం అక్క అందరి ముందూ, “తప్పింది నా ఇల్లు. పిల్ల కాదు. ఈ వారమంత నా ఇంటి వంతే,” అంది. మొగుడి వైపు తిరిగి, “ఈ వారమంత నువ్వు నీళ్ళు తాగుతవ్,” అంది. ఆయన తాగాడు, నీళ్ళే.

కానీ అత్త దగ్గరి నుంచి కబురు వచ్చింది. కాన్పు అయిన రోజే వచ్చి బిడ్డను తీసుకుపోతానని. ఆమెది తప్పు అనలేకపోయాం. కాలు కాలిన మనవరాలికి కట్లు కట్టింది ఆమే.

వానలు పడ్డాయి. వాగు పొంగితే జీపు రాదని, నెలలు నిండకముందే పిల్లను అమ్మగారింట్లో పెట్టారు. గూడెం ఆడవాళ్ళు వంతులవారీగా వాగు దాటి అక్కడికే వచ్చేవాళ్ళు. పాస్టరుగారింట్లో రోజుకో మనిషి చాప పరిచేది. ఆయన వసారాలో పడుకునేవాడు. నొప్పులు పగలే వచ్చాయి. భద్రాచలంలోనే కాన్పు అయింది. మగపిల్లాడు. బరువు తక్కువ. కొన్నాళ్ళు జాగ్రత్తగా చూడాలని, ఎదుగుదల ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేనని డాక్టరు దాచకుండా చెప్పింది.

అత్త అన్నట్టే వచ్చింది. సన్నటి మనిషి. చేతిలో గుడ్డ సంచి. ఆ సమయానికి మంచం దగ్గర సంఘం అక్క, అమ్మగారు ఉన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆమె బిడ్డను చూడలేదు. నేరుగా కోడలి దగ్గరికి పోయింది.

“నోరు తెరువ్.”

వార్డంతా ఇటు తిరిగింది. సంఘం అక్క ముందుకు రాబోతే ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. లేచి కూచుని, నోరు తెరిచింది. అత్త వంగి వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆ పిల్ల కళ్ళు దించుకోలేదు.

“సంతల తాగినవంట గద.”

“తాగిన అత్తా. ఒకసారి. మల్ల తాగలే.”

“ఇట్లనే అంటవ్ నువ్వు.”

“అన్న. ఇంతకుముందు అన్నప్పుడు నా ఎనక ఎవ్వరు లేరు.”

అత్త అప్పుడు చుట్టూ చూసింది. మెడలో సిలువతో అమ్మగారు, నడుముకు కొంగు బిగించి సంఘం అక్క. “వీళ్ళా?” అంది.

“గూడెమంత ఉన్నది పెద్దమ్మా. నీకు నమ్మకం లేకుంటే వచ్చి చూసుకో, ఏ దినమన్న రా. చెప్పకుండ రా,” అంది సంఘం అక్క. ఆమె ఎవరినైనా అంత మెత్తగా బతిమాలడం నేను చూడటం అదే మొదలు.

అత్త మంచం అంచున కూచుని, బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళు, కాళ్ళు, చెవుల వెనక, అన్నీ చూసింది. చాలాసేపు చూసింది. ఆ పిల్ల రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది.

“ఎండుపుల్ల లెక్క ఉన్నడు,” అంది అత్త చివరికి. “గంట గంటకు పాలియ్యాలె. వీనికి తల్లి కావాలె.” బిడ్డను కోడలి ఒళ్ళో పెట్టింది. “ఉంచుకో. పెద్దదాన్ని మాత్రం అడగకు. అది నిన్ను చూసి భయపడ్తది ఇంక.”

“పెద్దమ్మా, తల్లి గద...” అని సంఘం అక్క అందుకుంది.

“వద్దక్కా,” అంది ఆ పిల్ల. “ఆమె చెప్పింది నిజమే.” తర్వాత అత్తతో, “పండగకు తీస్కరా అత్తా. దూరం నుంచే చూస్త,” అంది.

అత్త సంచి విప్పింది. లోపల మెత్తగా ఉతికి మడిచిన పాత చీర ముక్కలు ఉన్నాయి. బిడ్డను చుట్టి తీసుకుపోవడానికి ఇంటి దగ్గరే చింపి తెచ్చుకున్నట్టుంది. ఒక్కొక్కటే తీసి కోడలి కాళ్ళ దగ్గర పెట్టింది. ఒకదాన్ని పరిచి, తడిసిన గుడ్డ మార్చి, పిల్లాణ్ణి ఎలా చుట్టాలో చూపించింది. చెయ్యి ఎక్కడ లోపల పెట్టాలో, ఎక్కడ వదులుగా ఉంచాలో చెప్పింది. ఆ పిల్ల మళ్ళీ విప్పి తనే చుట్టింది. సరిగ్గా రాలేదు. అత్త విప్పి మళ్ళీ చుట్టమంది.